కోతమిషను దాటిన సరిహద్దు

(ఎస్.ఆర్. శంకరన్ స్మారక ఉపన్యాస పాఠం)



2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మధ్యలో ఉన్న గడువు నాలుగు గంటలు. అప్పుడు కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వులో పొలం పనుల ఊసు లేదు. ఉత్తరాదిన గోధుమ కోతకు వస్తోంది. మన దగ్గర యాసంగి వరి గింజ గట్టిపడుతోంది. మిరప చేలు ఎర్రబారి ఉన్నాయి. మూడు రోజులకు, మార్చి 27న, ఆ ఉత్తర్వుకు ఒక చేర్పు వచ్చింది. పంట కొనుగోళ్లకు, మండీలకు, ఎరువులూ విత్తనాల తయారీకి, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకు మినహాయింపు ఇచ్చారు. పొలంలో రైతులూ కూలీలూ పని చేసుకోవచ్చన్నారు. కోతకూ విత్తడానికీ వాడే యంత్రాలు రాష్ట్రం లోపలే కాదు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కూడా తిరగవచ్చని స్పష్టంగా రాశారు.

ఇంకో రెండు రోజులకు, మార్చి 29న, అదే శాఖ మరో ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రాల సరిహద్దులు, జిల్లాల సరిహద్దులు గట్టిగా మూసేయాలి. కూలీలు ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి. అప్పటికే బయల్దేరినవాళ్లను దగ్గరలోని శిబిరంలో 14 రోజులు ఉంచాలి. యజమానులు కూలి కోయకూడదు, ఇంటి ఓనర్లు నెల రోజులు అద్దె అడగకూడదు అని కూడా అందులో ఉంది.

ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవమని మిమ్మల్ని కోరుతున్నాను. వరికోత మిషను సరిహద్దు దాటవచ్చు. మిరపకాయలు ఏరే మనిషి దాటకూడదు. పొలంలో నిలబడి ఉన్న కూలీకి అనుమతి ఉంది, ఆ పొలానికి వచ్చే కూలీకి, పని ముగించుకుని ఇంటికి పోయే కూలీకి లేదు. ఇది ఎవరో కావాలని పేదలకు చేసిన అన్యాయమని నేను అనను. ఆ ఉత్తర్వులు రాసినవాళ్ల మనసులో వ్యవసాయమంటే భూమి, పంట, యంత్రం, మార్కెట్. ఆ నాలుగింటినీ వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. కూలీల ప్రయాణం కూడా వ్యవసాయంలో భాగమేనన్నది వాళ్లకు తట్టలేదు. నాకు తెలిసి అది ఇప్పటికీ మన ఉత్తర్వుల్లోకి ఎక్కినట్టు లేదు. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క విషయమే.

శంకరన్ గారి పేరు మీద జరిగే సభలో ఇది ఎందుకు ఎత్తుకున్నానో చెప్పాలి. తంజావూరులో 1934లో పుట్టి, ఐఏఎస్ అధికారిగా అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి, నెల్లూరు కలెక్టరుగా, సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా, తర్వాత త్రిపుర ప్రధాన కార్యదర్శిగా, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసిన మనిషి ఆయన. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన అధికారుల్లో ఆయనా ఉన్నారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఇవన్నీ మీకు తెలిసినవే. వీటన్నిటికన్నా ఆయన పేరుతో గట్టిగా ముడిపడింది వెట్టి విముక్తి. 1976లో వచ్చిన వెట్టిచాకిరి రద్దు చట్టాన్ని పుస్తకంలోంచి ఊళ్లోకి తెచ్చిన కొద్దిమందిలో ఆయన ముందు వరసలో ఉంటారు. ఆ చట్టం వెట్టిని నిర్వచిస్తూ కొన్ని గుర్తులు చెప్పింది. అప్పు, దానికి బదులుగా చాకిరి, కనీస కూలి లేకపోవడం, ఇంకోచోట పనికి పోయే వీలు లేకపోవడం. దేశంలో స్వేచ్ఛగా తిరిగే హక్కును కోల్పోవడం కూడా ఆ గుర్తుల్లో ఒకటి. రాజ్యాంగం 19వ అధికరణలో ఇచ్చిన హక్కు అది. కూలీ కదలికను కట్టేస్తే ఏం మిగులుతుందో శంకరన్ గారికి తెలుసు. జీతగాడిని కట్టేసింది ఆసామి బాకీ. 2020లో కట్టేసినవి ప్రభుత్వ ఉత్తర్వులు. కారణాలు వేరు, ఉద్దేశాలు పూర్తిగా వేరు. కట్టుపడిన మనుషులు మాత్రం దాదాపు ఆ కులాలవాళ్లే, ఆ తెగలవాళ్లే.

ఇక మిరప దగ్గరికి వస్తాను. నేను మిరప పండించే ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ పంట గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడితే క్షమించండి.

వరిని మిషను కోస్తుంది. మిరపకు మన పొలాల్లో అలాంటి మిషను లేదు. మిరపచెట్టు మీద కాయలన్నీ ఒక్కసారి పండవు. పండినవి ఏరాలి, పచ్చివి వదలాలి, పూత రాలకుండా కొమ్మ విరగకుండా చేయి పెట్టాలి. కొన్ని వారాలకు మళ్లీ కాయ ఎర్రబడుతుంది, మళ్లీ ఏరాలి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా ఇలా మూడు నాలుగు కోతలు. కోసింది కల్లంలో పరదాల మీద ఆరబోయాలి, తిరగబోయాలి, తాలుకాయ వేరు చేయాలి, టిక్కీలకు, అంటే బస్తాలకు, ఎత్తాలి. పండిన కాయ చెట్టు మీదే ఉండిపోతే రంగు పోతుంది, తాలు పెరుగుతుంది, ధర పడిపోతుంది. ఏప్రిల్ గాలివాన వస్తే కల్లంలో ఉన్నది కూడా నల్లబడుతుంది. అందుకే మిరప రైతుకు పెట్టుబడిలో పెద్ద భాగం కూలి. కోతల నెలల్లో ఒక్క ఊరి చేతులు ఆ ఊరి చేలకు చాలవు. ఊళ్లో పదిమంది రైతుల కాయ ఒకేసారి పండుతుంది మరి.

అందుకని మనుషులు వస్తారు. గోదావరి గట్టు వెంట మంగపేట, ఏటూరునాగారం, కన్నాయిగూడెం, వాజేడు, వెంకటాపురం, ఆ పైన చర్ల, దుమ్ముగూడెం. ఈ మండలాల మిరప చేలకు ఏటా ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల నుంచి గొత్తికోయలు, మురియాలు దిగుతారు. తట్టాబుట్టా, వంట గిన్నెలు, పిల్లలు అందరూ వస్తారు. చేను పక్కనే ఆకులతో, పాత పట్టాలతో గుడిసెలు వేసుకుంటారు. కూలి కింద డబ్బుకు బదులు మిరపకాయలు కొలిచి ఇచ్చే పద్ధతి కూడా ఈ ప్రాంతంలో ఉంది. ఆ కాయలు ఇంటికి మోసుకుపోయి ఏడాదికి సరిపడా వాడుకుంటారు, మిగిలింది సంతలో అమ్ముకుంటారు. వాళ్లలో చాలామంది ఇళ్లు 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజుల్లో చెదిరినవి. కొందరు ఇటే అడవిలో స్థిరపడ్డారు. వాళ్ల దగ్గరికి అటు నుంచి బంధువులు వస్తారు.

ఇక్కడి సరిహద్దులు ఎంత కొత్తవో గమనించండి. ఛత్తీస్‌గఢ్ 2000లో ఏర్పడింది. తెలంగాణ 2014లో. ఆ సంవత్సరమే పోలవరం ముంపు లెక్కన చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దానికి ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి పోయింది. నడుచుకుంటూ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి కూలికి పోయి పొద్దుగూకేసరికి ఇల్లు చేరే చోటు అది. కోయల, గోండుల బంధుత్వాలు ఈ గీతలు గీయక ముందునుంచీ మూడు రాష్ట్రాల్లోనూ అల్లుకుని ఉన్నాయి. మ్యాపులో ఉన్న గీత మార్చి 2020లో ఒక్కసారిగా గేటుగా మారింది.

మొదటి విడత లాక్‌డౌన్ ఏప్రిల్ 14తో ముగియాలి. ఆ మూడు వారాలూ గుడిసెల్లో ఉన్నవాళ్లు ఆ తేదీ కోసం ఎదురుచూశారు. ఆ రోజు ప్రధానమంత్రి మే 3 దాకా పొడిగించారు. మర్నాడు, ఏప్రిల్ 15న, ములుగు జిల్లా మిరప చేల నుంచి ఒక చిన్న గుంపు బీజాపూర్ వైపు నడక మొదలుపెట్టింది. రోడ్డు మీద పోతే పోలీసులు ఆపుతారని అడవి దారులు పట్టారు. ఎండాకాలం. మూడో రోజు గడిచాక, ఏప్రిల్ 18న, ఇంటికి ఇంకాస్త దూరం ఉందనగా వాళ్లలో పన్నెండేళ్ల బాలిక చనిపోయింది. ఆ పాప పేరు అప్పుడు పత్రికల్లో వచ్చింది. నేను చెప్పడం లేదు. చనిపోయాక పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడం వల్ల ప్రాణం పోయి ఉంటుందని వైద్యులు చెప్పారు.

పన్నెండేళ్ల పిల్ల మిరప చేలో ఎందుకుందని అడగాలి, గట్టిగా అడగాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. ఆ ప్రశ్న 2020లో పుట్టింది కాదు, ఇవాళా దానికి జవాబు లేదు. కానీ ఆ పాపను చంపింది పని చేసిన ఆ రెండు నెలలు కాదు. ఇంటికి పోయే దారి.

మార్చి 31న సుప్రీంకోర్టులో కేంద్ర ప్రభుత్వం తరఫున, ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు రోడ్ల మీద నడిచి ఇళ్లకు పోతున్నవాళ్లు ఎవరూ లేరని చెప్పారు. రోడ్ల మీద లేకపోవచ్చు. రెండు వారాల తర్వాత కూడా ఈ గుంపు రోడ్డు మీద లేదు. వెతికే చూపు రోడ్డు దగ్గర ఆగిపోతే అడవిలో నడిచే మనిషి ఏ లెక్కలోకీ రాదు.

ఏప్రిల్ 19న హోంశాఖ ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. శిబిరాల్లో ఉన్న కూలీల పేర్లు నమోదు చేయాలి, వాళ్లకు ఏ పని వచ్చో రాసుకోవాలి, రోగలక్షణాలు లేనివాళ్లను అదే రాష్ట్రం లోపల పనిచేసే చోటికి చేర్చాలి. బస్సుల్లో దూరదూరంగా కూర్చోబెట్టాలి, దారిలో తిండీ నీళ్లూ ఇవ్వాలి. రాష్ట్రం దాటడానికి మాత్రం వీల్లేదు. బాలిక చనిపోయిన మర్నాడు వచ్చిన ఉత్తర్వు ఇది. పనికి పోతానంటే బస్సు పెట్టారు. ఇంటికి పోతానంటే లేదు. కూలీని ఆ రోజుల్లో రాజ్యం ఎలా చూసిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క కాగితం చాలు. ఏప్రిల్ 29న రాష్ట్రాల మధ్య ప్రయాణానికి అనుమతి వచ్చింది. మే 1 తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది. తర్వాత ఆ రైళ్లలో 63 లక్షల మందికి పైగా ఇళ్లకు చేరారు. గొత్తికోయలకు ఆ రైళ్ల వల్ల ఒరిగిందేమీ లేదు. వాళ్ల ఊళ్లకు రైలు లేదు.

రాష్ట్రం సరిహద్దు దాటనివాళ్ల సంగతి ఇంతకన్నా మెరుగ్గా లేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు, వానాధారపు పంట చేతికొచ్చాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కోతల పనికి, వలస పోతాయి. ఎక్కువమంది పోయేది గుంటూరు జిల్లా పత్తి, మిరప చేలకు. ఇంటికి ముసలివాళ్లను కాపలా పెట్టి, బడికి పోయే పిల్లలను కూడా వెంటపెట్టుకుని పోతారు. కూలీలను కుదిర్చే మేస్త్రి మాట్లాడిన లారీలో, ట్రాక్టరులో ప్రయాణం. ఉగాదికి తిరిగి రావడం ఆనవాయితీ. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. లాక్‌డౌన్ మొదటి రోజు. ఆ ఏడు గుంటూరు చేలల్లో ఉన్నవాళ్లకు పండగ లేదు, బండి లేదు. జిల్లా సరిహద్దు రాష్ట్ర సరిహద్దంత ఎత్తుగా లేచింది. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది కాబట్టి రైతు చేతిలో డబ్బు ఆడలేదు. రైతు చేతిలో ఆడకపోతే మేస్త్రి చేతిలోకి రాదు, మేస్త్రి చేతిలోకి రాకపోతే కూలి లెక్క తేలదు. లెక్క తేలని కూలీ రాత్రికి రాత్రి బయల్దేరడానికి కూడా సాహసించలేడు. కూలి కోయకూడదని మార్చి 29 ఉత్తర్వులో రాసింది నెల జీతం ఇచ్చే యజమానిని ఊహించుకుని. ఏ చేను ఏ రోజు కోశారో మేస్త్రి చిన్న పుస్తకంలో గీతలు గీసుకునే చోట ఆ వాక్యం ఎవరిని పట్టుకుంటుంది?

ఆ రోజుల్లో ప్రజల భయాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్లు తమకు తామే దారికి అడ్డంగా ముళ్లకంపలు వేసుకున్నాయి. కందకాలు తవ్వుకున్నాయి. ఆసుపత్రి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి అంతకన్నా వేరే మందు లేదు. ఆ కంపల వెనక ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. జబ్బు నిజం, జాగ్రత్త అవసరం. కానీ జాగ్రత్త లెక్క కూడా చూద్దాం. లాక్‌డౌన్ ప్రకటించిన రోజుకు దేశంలో బయటపడిన కేసులు దాదాపు 500. మొదటి శ్రామిక్ రైలు కదిలిన రోజుకు దాదాపు 35 వేలు. మార్చి చివరి వారంలో నాలుగు రోజుల గడువిచ్చి, బస్సులు పెట్టి, పరీక్షించి పంపి ఉంటే ఊళ్లకు చేరే జబ్బు తక్కువ ఉండేది. ఆరు వారాలు ఒకచోట కుక్కి, మే నెలలో పంపడం వల్ల జబ్బుకు అందిన అవకాశమే ఎక్కువ. కదలనివ్వకపోవడమే ప్రజారోగ్యమన్న నమ్మకానికి వయసు చాలా ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిషువాళ్లు తెచ్చిన 1897 అంటువ్యాధుల చట్టం 2020లోనూ మనకు ఒక ఆధారమైంది. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చే ప్రయాణికులకు పాస్‌పోర్టులు ఇచ్చి, చేరిన చోట రోజూ హాజరు వేయించుకునేవారు. వలస పాలకుల పద్ధతి, దాన్ని పొగడను. అయినా అందులో ప్రయాణం ఆగదని ఒప్పుకోవడం ఉంది. ప్రయాణం చేసే మనిషిని వెంటాడి చూడడం ఉంది. 123 ఏళ్ల తర్వాత మనం అంతకన్నా మెరుగ్గా ఆలోచించి ఉండాల్సింది.

ప్రయాణం ఆపితే ఏమైందో పంటే చెప్పింది. ఆ యాసంగిలో తెలంగాణలో వరి ఎన్నడూ లేనంత పండింది. ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టారు. కోతమిషన్లు కోశాయి. కోసిన ధాన్యం బస్తాలకెక్కి, లారీలకెక్కి, మిల్లులకు చేరింది. మిల్లుల్లో దించడానికి హమాలీలు లేరు. మన రైసుమిల్లుల్లో బస్తా మోసేది ఎక్కువగా బిహారీలు. హోళీకి ఇళ్లకు పోయి అక్కడే చిక్కుకుపోయారు. లక్షల మంది ఇక్కడి నుంచి వెళ్లిపోతున్న మే నెలలో, 8వ తేదీన, బిహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు ఎదురు దిశలో వచ్చి లింగంపల్లిలో ఆగింది. రెండు వందల మందికి పైగా హమాలీలు దిగారు. రాష్ట్ర మంత్రులు స్టేషనుకు పోయి వాళ్లకు స్వాగతం పలికారు. ఆ స్వాగతాన్ని నేను తప్పు పట్టను, అది వాళ్లకు న్యాయంగా దక్కాల్సిందే. ఒక రాష్ట్రం అనుకుంటే, ఇంకో రాష్ట్రంతో మాట్లాడితే, రైల్వేను ఒప్పిస్తే కూలీ ప్రయాణం వ్యవసాయ అవసరంగా మారుతుందని ఆ రోజు రుజువైంది. ఆ అవసరం ధాన్యం వైపు నుంచి పుట్టింది. మనిషి ఇంటికి పోవాలన్న అవసరం అంత త్వరగా రైలును కదిలించలేదు.

పంజాబ్‌లో జూన్ 10న నాట్లు మొదలుపెట్టేసరికి యూపీ, బిహార్ కూలీలు లేక ఎకరం నాటు కూలి ఒక్కసారిగా పెరిగింది. రైతులు సొంత ఖర్చుతో బస్సులు మాట్లాడి బిహార్ పంపారు. కొంతమంది నాట్లు మాని విత్తనం నేరుగా విత్తారు. ఆస్ట్రేలియాలోనూ అదే ఏడు రాష్ట్రాలు సరిహద్దులు మూసుకుంటే పండ్ల తోటలకు, గొర్రెల బొచ్చు కత్తిరింపుకు మనుషులు అందలేదు. సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వాలు కూర్చుని, వ్యవసాయ కూలీలు రాష్ట్రాలు దాటడానికి ఉమ్మడి నియమావళి ఒకటి రాసుకున్నాయి. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోలేదు. అయినా కూలీ ప్రయాణానికి విడిగా ఒక కాగితం ఉండాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

మన దగ్గర ఆ ఆలోచన 1979లోనే పుట్టిందని చెబితే ఆశ్చర్యపోతారు. ఒడిశాలో దళారులు కూలీలను బయటి రాష్ట్రాలకు తోలుకుపోయే దాదన్ పద్ధతిని దృష్టిలో పెట్టుకుని తెచ్చింది అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. ఆ చట్టం 15వ సెక్షన్ కూలీకి రానూపోనూ చార్జీ ఇవ్వాలంది. అంతటితో ఆగలేదు. ప్రయాణంలో ఉన్న రోజులకు, పనిలో ఉన్నట్టే లెక్కగట్టి, కూలి ఇవ్వాలంది. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా దాన్ని రాసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది. నడిచి పోయినా, లారీలో పోయినా ఆ దారి పనిలో భాగమేనని వాళ్లు గుర్తించారు. ఆ చట్టం పొలాల దాకా రాలేదు. ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలకు, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకు వర్తించే చట్టంగా అది ఇటుక బట్టీల దగ్గర, కట్టడాల దగ్గర ఆగిపోయింది, అక్కడా అరకొరగానే. మిరప చేల మేస్త్రి లైసెన్సు తీసుకున్న దాఖలా నేను చూడలేదు. 2020 సెప్టెంబరులో, కోటికి పైగా కూలీలు ఇళ్లకు తిరిగి పోయారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పిన నెలలోనే, ఎంతమంది చనిపోయారో తమ దగ్గర లెక్క లేదని కూడా చెప్పిన నెలలోనే, ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్‌కు ఆమోదం దొరికింది. అందులో ఐదుగురు అన్నది పదిమంది అయింది. చార్జీ మిగిలింది. ప్రయాణపు రోజుల కూలి పోయింది.

న్యాయస్థానాల గురించి ఒక్క మాట. 2021 మే నెలలో, రెండో ఉధృతిలో, ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు పోతున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపారు. కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర బారులు తీరిన అంబులెన్సులను టీవీల్లో చూశాం. తెలంగాణ హైకోర్టు రోజుల వ్యవధిలో జోక్యం చేసుకుని, ముందస్తు అనుమతి ఉండాలన్న ప్రభుత్వ ఉత్తర్వును నిలిపేసింది. మంచి పని. దేశంలో ఒక రాష్ట్రం గీత ఇంకో రాష్ట్రం రోగికి అడ్డం కాకూడదని ఒక కోర్టు చెప్పడానికి ఐదు రోజులు కూడా పట్టలేదు. 2020లో నడిచి పోతున్న కూలీల విషయాన్ని సుప్రీంకోర్టు తనంతట తాను చేపట్టింది మే 26న. లాక్‌డౌన్ మొదలై రెండు నెలలు దాటాక. జూన్ 9న, ఇంకా మిగిలినవాళ్లను 15 రోజుల్లో ఇళ్లకు చేర్చాలని, నడిచినందుకు వాళ్ల మీద పెట్టిన కేసులు వెనక్కు తీసుకునే విషయం చూడాలని చెప్పింది.

ఆ తర్వాత కొన్ని మంచి పనులు జరిగాయి. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ 2021 ఆగస్టులో మొదలైంది. ఇప్పుడు అందులో 30 కోట్ల పేర్లకు పైగా ఉన్నాయి, ఎక్కువ భాగం వ్యవసాయ రంగానివే. పేరు ఉంది, వృత్తి ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. ఫిబ్రవరిలో ఆ మనిషి ఏ చేలో ఉన్నాడో లేదు. రేషను కార్డు ఎక్కడైనా చెల్లే పద్ధతిని 2019 ఆగస్టులో దేశంలో మొదట ప్రయత్నించిన జంటల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు ఒకటి. ఛత్తీస్‌గఢ్ ఆ పద్ధతిలోకి వచ్చింది 2022లో. అంటే మిరప చేల గుడిసెల్లో చిక్కుకున్న గొత్తికోయకు 2020 ఏప్రిల్‌లో తన కార్డు మీద కిలో బియ్యం దొరికే దారి లేదు. ఇవాళ కాగితం మీద ఉంది. వాజేడులో రేషను డీలరుకు ఆ సంగతి తెలుసా, వేలిముద్ర పడుతుందా అన్నవి కాగితం మీద తేలే విషయాలు కావు.

ఇప్పుడు అడగదలచినవి అడుగుతాను. విపత్తు నిర్వహణ చట్టం కింద రేపు మళ్లీ ఎప్పుడైనా సరిహద్దులు మూయాల్సి వస్తే, వ్యవసాయ మినహాయింపుల్లో కూలీల రాకపోకలు ఉండాలి. రావడమే కాదు, పోవడం కూడా. వరద వచ్చినా, ఇంకో జబ్బు వచ్చినా అదే. ఇది ముందే రాసి పెట్టుకోవాల్సిన వాక్యం, ఆ రాత్రికి గుర్తు రాదు.

రెండోది మన చేతిలో ఉన్నది. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల కలెక్టర్లు, ఆంధ్రలో చింతూరు, ఎటపాక ఉన్న జిల్లా కలెక్టరు, అవతల బీజాపూర్, సుక్మా కలెక్టర్లు మిరప కోతలకు ముందు ఏటా ఒకసారి కూర్చోవాలి. ఎన్నికలప్పుడు, మావోయిస్టుల కోసం గాలింపులప్పుడు సరిహద్దు జిల్లాల అధికారులు కలుస్తూనే ఉన్నారు. కూలీల కోసం కలవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏ పంచాయతీ చేలకు ఎన్ని కుటుంబాలు వచ్చాయో పంచాయతీ కార్యదర్శి రాసుకోవాలి. ఆ పుస్తకం పోలీసు స్టేషనుకు పోకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే బస్తర్ నుంచి వచ్చిన మనిషి పేరు రాసుకుంటున్నారంటే మొదట భయపడేది అందుకే. ఆ పుస్తకం ఏఎన్‌ఎంకు, అంగన్‌వాడీకి, రేషను డీలరుకు చేరాలి. పిల్లలుంటే బడికి చేరాలి. కూలి కాయల్లో కొలిచినా, నోట్లలో ఇచ్చినా ప్రతి కోతకూ లెక్క తేల్చాలి, సీజను చివరికి వాయిదా వేయకూడదు. కర్నూలు, గుంటూరు, పల్నాడు కలెక్టర్ల మధ్య ఇదే పని ఇంకా సులువు, ఒకే ప్రభుత్వం కింద ఉన్నారు.

ఖర్చు ఎవరు పెట్టాలని అడుగుతారు. మార్కెట్ యార్డులో అమ్మకం జరిగిన ప్రతి వంద రూపాయల మీద కొన్నవాళ్లు ఒక రూపాయి మార్కెట్ ఫీజు కడతారు. మిరప మీద వచ్చే ఫీజు చిన్నది కాదు. ఆ డబ్బుతో గోదాములు కట్టాం, యార్డులకు సిమెంటు వేశాం, లింకు రోడ్లు వేశాం. ఆ కాయను చెట్టు మీద నుంచి దించిన మనుషుల రానూపోనూ బస్సు చార్జీ, దారి రోజుల కూలి ఆ నిధి నుంచి ఇవ్వడానికి మార్కెట్ చట్టాల్లో చిన్న సవరణ చాలు. రైతు మీద ఒక్క పైసా అదనంగా పడదు. మా ఇంట్లోవాళ్లతో సహా మిరప రైతులు దీనికి అడ్డు చెబుతారని నేను అనుకోను. కోతలకు మనుషులు అందక నష్టపోయేది మొదట వాళ్లే.

ఈ ప్రతిపాదనను రెండు రాష్ట్రాల మార్కెటింగ్ శాఖల ముందు, గిరిజన సంక్షేమ శాఖల ముందు పెట్టే బాధ్యత ఈ సభ తీసుకోవాలని కోరుతున్నాను. వచ్చే సీజను కోతలు సంక్రాంతి తర్వాత ఊపందుకుంటాయి. కలెక్టర్ల సమావేశం అంతకు ముందే జరగాలంటే డిసెంబరులోపు తేదీ ఖాయం కావాలి.